పాలిటిక్స్, స్పానిష్ రెండూ కలిపి చదవాలని ఉంది. శ్రీకాకుళం నుంచి దారి ఉందా?

నాగావళి_ఒడ్డు

ఇంటర్ సీఈసీ అయింది. డిగ్రీలో పొలిటికల్ సైన్స్ తీసుకుంటానంటే ఇంట్లో ఎవరూ కాదనలేదు, రేపు గ్రూప్స్‌కి పనికొస్తుందన్నారు. దాంతోపాటు స్పానిష్ కూడా చదువుతాననేసరికి గొడవ మొదలైంది. రెండు పడవల మీద కాళ్లు పెడితే మునిగిపోతావని నాన్న, ఆ భాషతో ఇక్కడ ఎవరికి పని అని పెదనాన్న. బ్రిటన్ యూనివర్సిటీల్లో ఈ రెండూ కలిపి ఒకే డిగ్రీగా చాలాచోట్ల ఉంది, మామూలుగా నాలుగేళ్లు, మూడో ఏడాది స్పెయిన్‌లోనో లాటిన్ అమెరికాలోనో ఉండి రావాలి. ఆ సిలబస్‌లు చదువుతుంటే నాకోసమే రాసినట్టు అనిపించింది, కానీ అంత డబ్బు మా దగ్గర లేదు. మాది ఆమదాలవలస దగ్గర. ఇక్కడి నుంచి, మన దేశంలోనే, రెండూ గట్టిగా చదవడానికి దారి ఉందా? లేక రెండూ అరకొరగా మిగులుతాయా? ఊరికే ధైర్యం చెప్పకండి, తెలిసింది చెప్పండి.

ఏడురోడ్ల_కుర్రోడు

పొలిటికల్ సైన్స్ ఓకే. స్పానిష్ ఎవరితో మాట్లాడతావు, అరసవల్లి గుడి దగ్గర స్పెయిన్ భక్తులు దొరుకుతారా?

రాజాం_అక్క

నాతో మాట్లాడుతుందిలే తమ్ముడూ. మాది రాజాం, హైదరాబాద్‌లో స్పానిష్ మీదే ఉద్యోగం.

చెల్లీ, ముందు దారి సంగతి. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో డిగ్రీలో పాలిటిక్స్ దొరుకుతుంది, స్పానిష్‌కి మాత్రం ఊరు దాటాల్సిందే. దగ్గర్లో ఉన్నది హైదరాబాద్ తార్నాకలోని ఇఫ్లూ, అంటే ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ. అక్కడ బీఏ స్పానిష్ ఉంది, ముందే భాష వచ్చి ఉండక్కర్లేదు, మొదటి నుంచీ చెబుతారు. ఢిల్లీలో జేఎన్‌యూలో, ఢిల్లీ యూనివర్సిటీలో బీఏ ఆనర్స్ స్పానిష్ ఉన్నాయి, ఆ రెండింటికీ సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. మొదటి ఏడాది రోజంతా భాషే ఉంటుంది, వేరే దేని మీదా ధ్యాస ఉండదు. పలకడం మనకి తేలిక, త, ద, ప, క మనం పలికినట్టే పలుకుతారు. ఇంగ్లిష్ ఒక్కటే వచ్చినవాళ్లు అక్కడే తడబడతారు, మనం తడబడం. కష్టమంతా సబ్‌జంక్టివ్ దగ్గర మొదలవుతుంది. అనుమానం, కోరిక, భయం ఏది చెప్పాలన్నా క్రియ రూపమే మారిపోతుంది. అది నోటికి రావడానికి ఏళ్లు పడుతుంది, ఎవరు తొందరగా వచ్చేస్తుందన్నా నమ్మకు.

గంటస్తంభం

అందరూ ఒప్పుకోకపోయినా చెప్తాను. భాష ఒక పనిముట్టు. డిగ్రీ దేనిలో చేయాలో దానిలో చేసి, స్పానిష్ సాయంత్రాలు ఆన్‌లైన్‌లో నేర్చుకుంటే సరిపోతుంది. రెండూ సగం సగం చదివినవాడిని పాలిటిక్స్ వాళ్లు భాషవాడంటారు, భాషవాళ్లు పాలిటిక్స్‌వాడంటారు. వాళ్ల నాన్న చెప్పింది సరైన మాటే.

సివిల్స్_గది

గంటస్తంభం అన్నతో సగం ఏకీభవిస్తాను. యూపీఎస్సీ కోసమైతే స్పానిష్‌కి ఒక్క మార్కు రాదు, సాహిత్యం ఆప్షనల్స్‌లో స్పానిష్ లేదు, తెలుగు ఉంది. పీఎస్ఐఆర్ (పొలిటికల్ సైన్స్, అంతర్జాతీయ సంబంధాలు) ఆప్షనల్ తీసుకుంటే రెండు పేపర్లు, ఒక్కోటి 250 మార్కులు, రెండో పేపర్లో లాటిన్ అమెరికాతో మన సంబంధాలు ఒక చిన్న భాగం. ఫారిన్ సర్వీస్‌లో చేరాక ఎలాగూ ఒక విదేశీ భాష కేటాయించి వాళ్లే నేర్పిస్తారు, అందులో స్పానిష్ కూడా ఉంటుంది. కాబట్టి పరీక్ష కోసం ఇప్పుడే నేర్చుకోవాల్సిన పని లేదు.

రాజాం_అక్క

అమ్మాయి యూపీఎస్సీ అని ఎక్కడ అంది? మన దగ్గర ఎవరు పొలిటికల్ సైన్స్ అన్నా వెంటనే కోచింగ్ సెంటర్ దాకా తీసుకెళ్లిపోతారు.

బొబ్బిలి_వీణ

నేను ఆ బ్రిటన్ డిగ్రీ చదివాను కాబట్టి అసలు ఎలా ఉంటుందో చెప్తాను, తర్వాత ఎవరి వాదన వాళ్లు చేసుకోండి.

ఏడాదికి 120 క్రెడిట్లు, అందులో మామూలుగా సగం పాలిటిక్స్, సగం స్పానిష్. స్పానిష్ అసలు రానివాళ్లకి వేరే క్లాసు ఉంటుంది, స్కూల్లో చదివొచ్చినవాళ్లు రెండేళ్లలో చేరే చోటికి మనల్ని కూడా తోసుకుపోతారు. మొదటి ఏడాది రెండు శాఖలకీ ఒకదాని సంగతి ఒకదానికి పట్టదు. ఒకే వారంలో రాజకీయ తత్వవేత్త హాబ్స్ మీద వ్యాసం, స్పానిష్ వ్యాకరణం పరీక్ష. ఎవరినీ అడగలేం, ఎందుకంటే ఇద్దరికీ మనం సగం విద్యార్థులమే. ఇక్కడిదాకా గంటస్తంభం గారు అన్నది నిజం.

మారింది బయటి దేశంలో గడిపిన ఏడాదిలో. నేను స్పెయిన్‌లో ఉన్నాను. 1978 రాజ్యాంగం, 17 స్వయంపాలిత ప్రాంతాలు అని క్లాసులో చదివినప్పుడు అది ఒక పట్టిక. బార్సిలోనాలో మా ఇంటి ఓనరమ్మ 2017 అక్టోబరు 1 కాటలోనియా స్వాతంత్ర్య రెఫరెండం రోజు గురించి చెబుతుంటే ఆవిడ కొడుకు మధ్యలో లేచి వెళ్లిపోయాడు. తల్లి స్వాతంత్ర్యం కావాలంటుంది, కొడుకు అక్కర్లేదంటాడు, ఇద్దరూ ఒకే బల్ల దగ్గర అన్నం తింటారు. ఆవిడ కోపంలో మాట్లాడేది తర్జుమాలో చదివితే నాకు అందేది కాదు. చివరి ఏడాది తిరిగొచ్చాక సమాఖ్య వ్యవస్థ మీద నేను రాసిన వ్యాసానికి మూలాలన్నీ స్పానిష్‌వే, క్లాసులో మిగతావాళ్లు ఇంగ్లిష్‌లో దొరికిన నాలుగైదు పుస్తకాల చుట్టూ తిరిగారు. సగం చదువు అని నాకు ఆ రోజు అనిపించలేదు.

డబ్బు సంగతి కూడా దాచకుండా చెప్పాలి. బయటి దేశాల విద్యార్థులకు ఫీజే ఏడాదికి 20 లక్షల రూపాయలు దాటుతుంది, ఉండటానికి, తినడానికి ఖర్చు వేరే. బయట ఉండే ఏడాదికి ఫీజు తగ్గిస్తారు గానీ ఎంత తగ్గిస్తారనేది యూనివర్సిటీని బట్టి. నాకు స్కాలర్‌షిప్ కొంత వచ్చింది, మిగతాది ఇంటి మీద అప్పు. పొలం అమ్మి వెళ్లమని నేను ఎవరికీ చెప్పను.

నాగావళి_ఒడ్డు

వీణ గారూ, ఆ తల్లీకొడుకుల సంగతి చదివి చాలాసేపు అలాగే ఉండిపోయాను. మా ఇంట్లో కూడా ఎన్నికలొస్తే అన్నం దగ్గర ఇదే పరిస్థితి, పార్టీలే తేడా.

20 లక్షలు కుదరదు. ఇక్కడే చూడాలి.

పాలకొండ_తండ్రి

నాకూ ఇంటర్ చదివే ఆడపిల్ల ఉంది కాబట్టి అడుగుతున్నాను. తార్నాక అంటే హాస్టల్ ఎలా ఉంటుంది, సీటొచ్చినా హాస్టల్ రాకపోతే ఎలా? ఈ పిల్ల తండ్రి భయం ఆ పడవల గురించి కాదనుకుంటాను. బీకాం చదివితే బ్యాంకు పరీక్ష రాస్తుందని ఆయనకు తెలుసు. స్పానిష్ చదివితే పిల్ల ఏ ఆఫీసులో కూర్చుంటుందో ఆయన కళ్లకు కట్టదు. అది ఎవరైనా చూపించాలి.

రాజాం_అక్క

సరైన మాట అడిగారు బాబాయ్. కూర్చునే ఆఫీసు చెప్తాను. నేను చేసేది ఒక పెద్ద కంపెనీకి మెక్సికో, కొలంబియా కస్టమర్ల ఫిర్యాదులు, కాంట్రాక్టులు స్పానిష్‌లో చూసే పని. బీ2 స్థాయి, అంటే భాషకి ఉండే ఆరు మెట్లలో నాలుగో మెట్టు సర్టిఫికెట్ అడిగారు. మామూలు బీఏతో మొదలయ్యే జీతం కంటే నాది బాగానే ఎక్కువ. వాళ్ల పగలు మనకి రాత్రి కాబట్టి నైట్ షిఫ్టులు తప్పవు, అది ముందే తెలుసుకోవాలి. హాస్టల్ విషయం, సీటు వచ్చిన వెంటనే దరఖాస్తు పెట్టాలి, తర్వాత చూద్దాంలే అనుకుంటే బయట పేయింగ్ గెస్ట్ గదుల వెంట తిరగాలి.

పైడిభీమవరం_షిఫ్ట్

ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉండక్కర్లేదు. పైడిభీమవరంలో మందుల కంపెనీలు ఎన్ని ఉన్నాయో అందరికీ తెలుసు. నేను రెగ్యులేటరీ విభాగంలో పని చేస్తాను. మన మందు మెక్సికోలో అమ్మాలంటే కోఫెప్రిస్ దగ్గర, కొలంబియాలో అయితే ఇన్విమా దగ్గర రిజిస్టర్ చేయించాలి. లేబుల్, లోపల పెట్టే కాగితం స్పానిష్‌లో ఉండాలి, వాళ్ల నుంచి అభ్యంతరాల ఉత్తరం వచ్చేది కూడా స్పానిష్‌లోనే. దాన్ని కంప్యూటర్ తర్జుమాలో వేస్తే మాటలు వస్తాయి, ఆ అధికారి అసలు ఏ పరీక్ష ఫలితం అడుగుతున్నాడో తేలదు. ఒకసారి ఒక పేరా అర్థం కాక మా ఫైలు నెలల తరబడి ఆగింది. భాషతోపాటు ఆ దేశంలో ప్రభుత్వం ఎలా పనిచేస్తుందో తెలిసిన మనిషి ఉండుంటే ఆగేది కాదు. మంత్రి మారితే సంస్థ అధిపతి మారతాడు, అధిపతి మారితే నిబంధన మారుతుంది. ఇది పాలిటిక్స్ కాకపోతే ఇంకేటి?

గంటస్తంభం

ఫార్మా కంపెనీ బీఏ పాలిటిక్స్ వాళ్లని తీసుకుంటుందా? బీఫార్మసీ కావాలంటారు.

పైడిభీమవరం_షిఫ్ట్

ఫైలు తయారు చేసేది ఫార్మసీ వాళ్లే, అది నిజం. తర్జుమా, అక్కడి ఏజెంట్లతో మాట్లాడటం మాత్రం బయటివాళ్లకి ఇస్తాం, వాళ్లలో భాష చదివినవాళ్లే ఎక్కువ.

చెరువుగట్టు

నాకు చదువు సంగతి పెద్దగా తెలీదు గానీ ఈ చర్చలో ఒక మాట చెప్పాలి. భోగాపురం వైపు వనామి రొయ్యల చెరువులు మావి. మన రొయ్యకి ప్రపంచంలో పెద్ద పోటీ ఈక్వడార్, అది స్పానిష్ దేశం. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసింది, ఈక్వడార్ మీద 15 శాతం. ఆ వారం కొనేవాళ్లు రేటు దించేశారు, కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో) చూడకుండానే. అంతకు ముందు 2024 చివర్లో ఈక్వడార్‌లో వానల్లేక కరెంటు కోతలు, రోజుకి 14 గంటల దాకా పోయేది, అప్పుడు అక్కడి ప్లాంట్ల పరిస్థితి ఏంటో తెలుసుకోవాలంటే మాకు దిక్కు లేదు, ఇంగ్లిష్‌లో వార్త వచ్చేసరికి మార్కెట్ అయిపోతుంది. వాళ్ల అధ్యక్షుడు ఎవరు, ఏం చేస్తాడు అనేది నా చెరువు మీద పడుతోంది. ఇది చదివి చెప్పే మనిషి జిల్లాకి ఒకరున్నా చాలు.

ఏడురోడ్ల_కుర్రోడు

నేను అరసవల్లి జోక్ వేశాను గానీ ఈక్వడార్ లెక్క నిజంగా తెలీదు. అన్నా, రొయ్యలు ఎప్పుడు పడుతున్నారో చెప్పు, వస్తాం.

చీపురుపల్లి_మేష్టారు

పొలిటికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యాను. ఉద్యోగాల గురించి పిల్లలు బాగా చెప్పారు. నేను చదువు గురించే మాట్లాడతాను, ఎందుకంటే ఆ అమ్మాయి అడిగింది అదే.

మన డిగ్రీ సిలబస్‌లో విదేశీ ప్రభుత్వాలంటే బ్రిటన్, అమెరికా, ఎక్కువైతే స్విట్జర్లాండ్, ఫ్రాన్స్. నేనూ అవే చెప్పాను. మన జిల్లాల చరిత్రకి దగ్గరగా ఉన్న దేశాలు ఆ పట్టికలో లేవు. ఒక్కటి చూడండి. 1967 అక్టోబరు 9న బొలీవియాలో చే గువేరాను చంపారు. అదే నెల 31న మన ఏజెన్సీలో లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులను భూస్వాముల మనుషులు కాల్చి చంపారు, అక్కడి నుంచి శ్రీకాకుళ పోరాటం ముదిరింది. మన దగ్గర గొడవ భూమి గురించే. ఆ తర్వాత మనకి 1/70 చట్టం వచ్చింది, షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులు భూమి కొనకూడదని. మెక్సికోలో అయితే 1917 రాజ్యాంగం 27వ అధికరణ కింద ఊరుమ్మడి భూములు ఏర్పడ్డాయి, వాటిని ఎహిదో అంటారు, అమ్మడానికి వీల్లేదు. 1992లో దాన్ని సవరించి అమ్ముకోవడానికి దారి తెరిచారు. 1994 జనవరి 1న చియాపాస్‌లో ఆదివాసులు తిరగబడ్డారు.

ఇప్పుడు సీతంపేట, పార్వతీపురం వైపు 1/70 సడలించాలా వద్దా అనే మాట ఎప్పుడు లేచినా, ఇదే పని చేసిన దేశంలో తర్వాత ఏం జరిగిందో ఎవరూ అడగరు. అడగాలంటే మెక్సికో గ్రామసభల తీర్మానాలు, కోర్టు తీర్పులు చదవాలి, అవన్నీ స్పానిష్‌లో ఉన్నాయి. ఇంగ్లిష్‌లో దొరికేది ఎవరో అమెరికా ప్రొఫెసరు తనకి కావలసినంత ఏరుకుని రాసింది. మనం వాళ్ల కళ్లతో చూసి పరీక్ష రాస్తున్నాం. భాష పనిముట్టే అని గంటస్తంభం అన్నాడు, ఒప్పుకుంటాను, కానీ ఈ పని ఆ పనిముట్టు లేకుండా మొదలే కాదు.

అమ్మాయీ, ఇంకొక మాట. మనది భాష పేరుతో 1953లో పుట్టిన రాష్ట్రం. సాలూరు దాటితే కొటియా గ్రామాల గొడవ ఇప్పటికీ రెండు రాష్ట్రాల మధ్య నలుగుతూనే ఉంది, అక్కడి జనం అటూ ఇటూ రెండు చోట్లా ఓటేసిన సందర్భాలున్నాయి. అలాంటి చోట పుట్టిన పిల్ల కాటలోనియా గురించి చదివితే ఢిల్లీ పిల్లకి, లండన్ పిల్లకి తోచని ప్రశ్నలు తోస్తాయి.

బొబ్బిలి_వీణ

మేష్టారూ, ఎహిదో మీద మా క్లాసులో ఒక లెక్చర్ కూడా లేదు. మన 1/70 పక్కన పెట్టి చూడాలని నాకు తట్టనే లేదు. ఎంఏ చేస్తే దీని మీదే చేస్తాను.

గంటస్తంభం

మేష్టారు చెప్పింది కాదనలేను. నా అభ్యంతరం వేరే. పద్దెనిమిదేళ్ల పిల్ల భాష మొదటి నుంచి నేర్చుకుంటూ కోర్టు తీర్పులు చదివే స్థాయికి వచ్చేసరికి డిగ్రీ అయిపోతుంది. ఏది ముందు, ఏది తర్వాత అనేది తేల్చుకోవాలి. రెండూ ఒకేసారి అని పట్టుబట్టడం మొండితనం.

రాజాం_అక్క

ఇది మాత్రం పనికొచ్చే ప్రశ్న. నేనైతే భాష ముందు అంటాను. పాలిటిక్స్ పుస్తకం ఇరవై రెండేళ్లకి తెరిచినా ఎక్కుతుంది, భాషకి రోజూ క్లాసు, పక్కన మాట్లాడే మనుషులు కావాలి, అది ఇంట్లో ఒక్కదానివే కూర్చుంటే రాదు. బీఏ స్పానిష్ చేసి, ఆ తర్వాత సీయూఈటీ పీజీ రాసి జేఎన్‌యూలోనో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనో ఎంఏ పొలిటికల్ సైన్స్. మా సీనియర్లలో అలా వెళ్లినవాళ్లు ఉన్నారు. జేఎన్‌యూలో అంతర్జాతీయ అధ్యయనాల వైపు లాటిన్ అమెరికా మీద పరిశోధన చేసే కేంద్రం కూడా ఉంది.

సివిల్స్_గది

ఇంకో దారి ఎవరూ చెప్పలేదు. 2022 ఏప్రిల్‌లో యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలు చదవొచ్చని అనుమతి ఇచ్చింది. ఒకటి కాలేజీకి వెళ్లి, ఇంకొకటి దూరవిద్యలో. అంటే తార్నాకలో బీఏ స్పానిష్ రెగ్యులర్‌గా చదువుతూ ఇగ్నోలో బీఏ పొలిటికల్ సైన్స్ చేయొచ్చు. ఇగ్నో మెటీరియల్ నేను పీఎస్ఐఆర్‌కి చదువుతున్నాను, చాలా బాగుంటుంది, ఫీజు కూడా తక్కువ. చేరే ముందు రెండు చోట్లా నిబంధన కనుక్కుని, రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది.

ఇంకా ఢిల్లీ యూనివర్సిటీలో అయితే స్పానిష్ ఆనర్స్ వాళ్లు జనరిక్ ఎలెక్టివ్‌లు వేరే శాఖలో తీసుకోవచ్చు, వరసగా పొలిటికల్ సైన్స్‌వే తీసుకుంటే అది మైనర్‌గా, అంటే రెండో సబ్జెక్టుగా లెక్కకొస్తుంది. నువ్వు చదివిన బ్రిటన్ సిలబస్‌కి మన దేశంలో దగ్గరగా ఉన్నది ఇదే అనుకుంటున్నాను.

పాలకొండ_తండ్రి

ఇంట్లోనే ఉండి చదివే దారి లేదా? దగ్గర్లోని డిగ్రీ కాలేజీలోనో విజయనగరం మహారాజా కాలేజీలోనో పాలిటిక్స్ చదువుకుంటూ?

రాజాం_అక్క

ఉంది బాబాయ్, కానీ పిల్లకి పట్టుదల రెట్టింపు కావాలి. డిగ్రీ ఇక్కడ, స్పానిష్ ఆన్‌లైన్‌లో టీచర్ దగ్గర, కొలమానం కోసం డెలె పరీక్ష. ఆ పరీక్ష స్పెయిన్ ప్రభుత్వం తరఫున ఇన్‌స్టిట్యూటో సెర్వాంటెస్ పెడుతుంది, ఢిల్లీలో వాళ్ల కేంద్రం ఉంది. ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లు. బీ2 దాకా చదవడం, రాయడం కలిపి 50 మార్కులు, వినడం, మాట్లాడటం కలిపి 50, రెండింటిలోనూ విడివిడిగా 30 రావాలి. ఒకదాంట్లో 45 వచ్చి ఇంకొకదాంట్లో 29 వస్తే ఫెయిలే. ఇంట్లో కూర్చుని నేర్చుకున్నవాళ్లు పోయేది రెండో సగంలోనే, ఎందుకంటే వాళ్లతో ఎవరూ మాట్లాడరు. ఒకసారి పాసైతే ఆ సర్టిఫికెట్‌కి కాలపరిమితి లేదు.

నాగావళి_ఒడ్డు

అందరికీ ఒకేసారి జవాబిస్తున్నాను. నాన్నకి చెరువుగట్టు అన్న పోస్టు, పైడిభీమవరం అన్న పోస్టు చదివి వినిపించాను. రొయ్యల రేటు దగ్గర ఆగి మళ్లీ చదవమన్నారు, మా మావయ్యకీ చెరువులున్నాయి. గంటస్తంభం అన్నా, మీ మీద కోపం లేదు, ఏది ముందు అన్న ప్రశ్న నేను వేసుకోలేదు, ఇప్పుడు వేసుకున్నాను. భాష ముందు. ఇఫ్లూకి పెడతాను, సీయూఈటీ కూడా రాస్తాను, తార్నాకలో వస్తే ఇగ్నో పాలిటిక్స్ పక్కన చేస్తాను. ఎక్కడా రాకపోతే ఇక్కడి డిగ్రీ కాలేజీ, ఆన్‌లైన్ క్లాసు. మేష్టారూ, ఈ లోపు స్పానిష్ దేశాల రాజకీయం ఎక్కడ మొదలుపెట్టి చదవమంటారు? అన్నీ ఒకేసారి తెరుస్తున్నాను, ఏదీ పూర్తి కావడం లేదు.

చీపురుపల్లి_మేష్టారు

ఒక్క దేశం పట్టుకో తల్లీ. నేనైతే చిలీ అంటాను. 1973 సెప్టెంబరు 11న అయెందే ప్రభుత్వాన్ని సైన్యం కూల్చింది. 1988లో ఆ సైన్యాధిపతి పినోచె ఉండాలా వద్దా అని ఓటింగ్ పెడితే జనం వద్దన్నారు, నియంత ఓటుతో దిగాడు. అతని కాలం నాటి రాజ్యాంగం మార్చాలని 2022లో ఒక ముసాయిదా, 2023లో ఇంకొకటి పెట్టారు, మొదటిది వామపక్షం రాసింది, రెండోది కుడిపక్షం రాసింది, జనం రెండూ వద్దన్నారు. ఎందుకు వద్దన్నారో నీకు నువ్వు ఒక పేజీ రాసుకో, ముందు తెలుగులో. ఆ రెండు ముసాయిదాలూ స్పానిష్‌లో నెట్‌లో దొరుకుతాయి, ఏడాది తర్వాత తెరిచి నీ పేజీతో సరిచూసుకో.

ఏడురోడ్ల_కుర్రోడు

బ్రెజిల్ ఎవరూ చెప్పలేదేంటి, అంత పెద్ద దేశం?

బొబ్బిలి_వీణ

అక్కడ పోర్చుగీసు మాట్లాడతారు. స్పానిష్ వస్తే చదవడం చాలావరకు వచ్చేస్తుంది, వినడం మాత్రం రాదు.

చెరువుగట్టు

పనిలో పనిగా, ఈక్వడార్ ఎగుమతి లెక్కలు ఎక్కడ దొరుకుతాయో ఎవరికైనా తెలుసా?

రాజాం_అక్క

అక్కడి ఆక్వాకల్చర్ ఛాంబర్ నెలనెలా పెడుతుంది అన్నా, గ్వాయాకిల్‌లో ఉంటుంది వాళ్ల ఆఫీసు. పేజీ స్పానిష్‌లో ఉంటుంది గానీ పట్టికలో దేశాల పేర్లు, బరువు, డాలర్లు, అంతే. వాళ్ల డబ్బు కూడా 2000 నుంచి డాలరే కాబట్టి మార్చే పని లేదు. ఈ నెలది నేను తెలుగులో చేసి ఇక్కడ పెడతాను, వచ్చే నెల నుంచి చెల్లి చేస్తుంది.

నాగావళి_ఒడ్డు

చేస్తాను. మొదటి రెండు నెలలు మీరు సరిచూడాలి అక్కా.